ఈ రాత్రికి లంగరు ఎక్కడ? తీరం వెంట తెరచాప ప్రయాణంలో రేవులను, లంగరు తావులను పోల్చి ఎంచుకోవడం

చార్టులో, అంటే సముద్రపు పటంలో, లంగరు గుర్తు ఉన్నంత మాత్రాన ఆ చోటు మంచిదని కాదు. ఏ చోటైనా ఒక గాలికి ఆశ్రయం, ఇంకో గాలికి ఉచ్చు. పడమటి గాలి వీస్తున్నంతసేపు తూర్పుకు తెరుచుకున్న అఖాతంలో నీళ్లు చెరువులా నిలిచి ఉంటాయి. అర్ధరాత్రి గాలి తూర్పుకు తిరిగితే కొన్ని గంటల్లోనే పడవ వెనక రాళ్ల ఒడ్డు, ముందు విరుచుకుపడే అలలు. 1982 డిసెంబరులో మెక్సికోలోని కాబో సాన్ లూకాస్ దగ్గర సరిగ్గా ఇదే జరిగింది. సముద్రానికి తెరుచుకున్న చోట, ఒడ్డుకు దగ్గరగా, ఒకదాని పక్కన ఒకటి లంగరు వేసుకున్న యాట్ల మీదికి గాలి, అలలు ఎదురుగా వచ్చాయి. రెండు డజన్లకు పైగా పడవలు ఒక్క రాత్రిలో ఇసుక మీద పడ్డాయి. పగలు చూస్తే అది చాలా అందమైన లంగరు తావే.

అందుకే "ఈ రేవు బాగుంటుందా?" అనే ప్రశ్నతో మొదలుపెట్టకండి. రేపు తెల్లవారేదాకా వచ్చే ప్రతి గాలికీ ఇది పనికొస్తుందా? పనికిరాకపోతే చీకట్లో ఇక్కడినుంచి బయటపడగలమా? ఈ రెండిట్లో ఒక్కదానికైనా "అవును" రాని చోటును మధ్యాహ్న భోజనానికి ఆగడానికే ఉంచుకోండి.

నాలుగు రకాల చోట్లు

యాట్ల కోసమే కట్టిన రేవు మెరీనా. మెరీనా అంటే నిద్ర, నీళ్లు, డీజిల్, ఒడ్డు మీదికి నడిచి వెళ్లే వీలు. కట్టేశాక గాలి ఎటు తిరిగినా పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. చిక్కంతా కట్టే ముందే. 11 మీటర్ల పడవకు 20 నాట్లు (గంటకు 20 సముద్రపు మైళ్లు) దాటిన అడ్డగాలిలో ఇరుకు వరసల మధ్య తిరగడం కష్టం. ముక్కు గాలికి పక్కకు పోతుంది, నెమ్మదిగా ఉన్నప్పుడు చుక్కాని మాట వినదు. కొన్ని మెరీనాల గుమ్మంలో నీళ్లు లోపలే నిలవడానికి కట్టిన గట్టు ఉంటుంది. దాని మీదుగా పోటుకు అటూ ఇటూ రెండు మూడు గంటలే దారి. వీహెచ్‌ఎఫ్‌ రేడియోలో పిలిచినప్పుడు పడవ పొడవు, వెడల్పు, నీటిలో మునిగే లోతు ముందే చెప్పండి. ఆ తర్వాత రెండే అడగండి: పాటులో (నీరు బాగా దిగినప్పుడు) ఆ బెర్తు, అంటే పడవ కట్టే చోటు, దగ్గర ఎంత లోతు ఉంటుంది, ఏ పక్కన కట్టాలి. రెండో జవాబు తెలిస్తే ఫెండర్లు (పడవ పక్క గీరుకోకుండా వేలాడదీసే మెత్తలు), తాళ్లు బయటే సిద్ధమవుతాయి.

పని రేవు గోడ చవక, గట్టిది, కానీ అది యాట్ల కోసం కట్టింది కాదు. చేపల పడవలు తెల్లవారుజామున మూడింటికి వచ్చి తమ చోటు అడుగుతాయి, అది వాళ్ల హక్కు. గోడకు నిలువు కొయ్య దుంగలు ఉంటే మామూలు ఫెండర్లు వాటి మధ్య సందులోకి జారిపోతాయి. రెండు ఫెండర్ల బయట అడ్డంగా ఒక గట్టి పలక వేలాడదీస్తేనే పడవ పక్క గీరుకోకుండా ఉంటుంది. పోటుపాట్ల తేడా ఎక్కువున్న చోట అణియం తాడు, అమరం తాడు, అంటే ముందు వెనక తాళ్లు, ఆ తేడాకు మూడింతల పొడవు ఉండాలి. పొట్టిగా కడితే పాటు దిగేకొద్దీ పడవ తాళ్లకు వేలాడుతుంది, కట్టుగొయ్యలు పెకలివస్తాయి. గోడకున్న నిచ్చెన పడవ మధ్యకు వచ్చేలా కట్టుకోండి. ఇంకో పడవ పక్కన కట్టాల్సి వస్తే రెండు మాస్టులు ఒకే వరసలో ఉండకూడదు. పడవలు ఊగినప్పుడు వాటి అడ్డుకర్రలు ఢీకొంటాయి. పక్క పడవకు కట్టి ఊరుకోకుండా, మీ ముందు వెనక తాళ్లు ఒడ్డుకే చేరాలి.

బోయా, అంటే అడుగుకు గొలుసుతో కట్టి నీటి మీద తేలే గుండు, చూడ్డానికి అన్నింటికన్నా తేలిక. చక్కర్లు కొట్టే చుట్టుకొలత చిన్నది, అడుగు ఎలా ఉందన్న బెంగ లేదు. అయితే నీటి కింద ఉన్న గొలుసును మీరు చూడలేదు. ఎంత బరువు పడవకు పనికొస్తుందో బోయా మీద రాసి ఉండాలి, లేదా దాన్ని చూసుకునేవాళ్లు చెప్పాలి. రెండూ లేని బోయాను మంచి వాతావరణంలో తప్ప నమ్మొద్దు. నీళ్లు తేటగా ఉంటే దిగి చూడండి. గొలుసును కలిపే కొక్కెం (షాకిల్) పిన్ను సగానికి అరిగి ఉండటం అరుదేమీ కాదు. ఒకే తాడును బోయా రింగులోంచి తీసి రెండు కొసలూ పడవకు కట్టడం చాలామంది చేసే పొరపాటు. పడవ ఊగినకొద్దీ ఆ తాడు రింగులో రంపంలా ఆడి తెల్లవారేసరికి తెగుతుంది. రెండు విడి తాళ్లు, ఒక్కోటి రింగుకు ముడివేసి, పడవ అంచున రాసుకునే చోట గొట్టం తొడిగి కట్టండి. ఆ ఒంటి తాడును బయల్దేరేటప్పుడు జారవిడవడానికే వాడండి.

నాలుగోది మన సొంత లంగరు. సామాను మంచిదై, దాన్ని వాడటం తెలిస్తే ఎంపిక అన్నింటికన్నా విశాలమయ్యేది దీనితోనే. బాగా పట్టిన లంగరు మీద, చదును నీళ్లలో, నలువైపులా చోటున్న రాత్రి తెలియని బోయా మీద గడిపే రాత్రికన్నా భద్రమని మా అభిప్రాయం.

గాలి కన్నా అల

లంగరు తావును చూసేటప్పుడు అందరూ గాలికి అడ్డు వెతుకుతారు. నిజానికి లంగరును పెకలించేది ఎక్కువగా అల. గాలి పడవను ఒకే తీరుగా లాగుతుంది. అల కుదుపుతో లాగుతుంది, ఆ కుదుపుకే గొలుసు బిగుసుకుని లంగరు లేస్తుంది. అందుకే గాలిని ఏమాత్రం ఆపని లోతట్టు ఇసుక దిబ్బ లేదా పగడపు దిబ్బ వెనక చోటు, చూడ్డానికి బోడిగా ఉన్నా, చాలాసార్లు ఎత్తయిన కొండ కింది చోటు కన్నా మేలు. కొండ గాలిని ఆపదు, ముక్కలు చేస్తుంది. శిఖరం మీదుగా, లోయల గుండా ఒక్కసారిగా దిగే ఈదర బయటి గాలికన్నా బలంగా ఉండొచ్చు, పైగా దిక్కు నిలకడగా ఉండదు. రాత్రి కొండల మీద చల్లబడిన గాలి లోయలోంచి సముద్రంలోకి జారుతుంది. పగలంతా సముద్రపు గాలి ఉన్న చోట రాత్రి పడవ పూర్తిగా వెనక్కి తిరిగి నిలబడుతుందని ముందే లెక్కవేసుకోండి.

గాలి వేగం రెట్టింపయితే పడవ మీద దాని లాగుడు నాలుగింతలు. 15 నాట్లలో హాయిగా ఉన్న లంగరు 30 నాట్లలో కూడా ఉంటుందనుకోవడానికి వీల్లేదు.

అల ఎంత పెరుగుతుందనేది గాలి తెరపి నీటి మీద ఎంత దూరం పరిగెత్తుతుందో దాన్నిబట్టి ఉంటుంది. పటం మీద లంగరు చోటు నుంచి ఒక్కో దిక్కుకూ గీత గీసి, ఒడ్డు తగిలేదాకా ఎన్ని మైళ్లో రాసుకోండి. అర మైలు లోపయితే ఆ దిక్కు గాలి బలంగా వచ్చినా చిల్లర అలలే. అయిదారు మైళ్లు ఉంటే 25 నాట్ల గాలికి ఆ రాత్రి నిద్ర ఉండదు.

స్వెల్ వేరే సంగతి. ఎక్కడో దూరపు తుఫానులో పుట్టి రోజుల తర్వాత వచ్చే ఈ పొడవాటి అలలు అగ్రాల చుట్టూ వంగుతాయి. రెండు శిఖరాల మధ్య వ్యవధి 12 సెకన్లు దాటితే, పటంలో పూర్తిగా మరుగున ఉన్నట్టు కనిపించే అఖాతంలోకి కూడా అవి తిరిగి వస్తాయి. గాలి పడవను ఒక దిక్కుకు నిలబెడుతుంది, స్వెల్ పక్కనుంచి తగులుతుంది, తెల్లవార్లూ ఊయలే. ప్రమాదం కాకపోయినా మర్నాటి తప్పులన్నీ ఆ నిద్రలేమిలోంచే పుడతాయి. అమరం నుంచి రెండో చిన్న లంగరు వేసి ముక్కును స్వెల్‌కు ఎదురుగా తిప్పితే చాలావరకు తగ్గుతుంది. అయితే పక్క పడవలన్నీ ఒకే లంగరు మీద తిరుగుతున్న చోట ఈ పని చేయకూడదు. వాళ్లు తిరుగుతారు, మీరు తిరగరు.

లోతు లెక్క

ఇక్కడ జరిగే పొరపాట్లు దాదాపు అన్నీ కూడిక, తీసివేతల్లోవే. పోటుపాట్ల పట్టికలోంచి మూడు అంకెలు తీసుకోండి: ఇప్పటి ఎత్తు, రాబోయే పాటు ఎత్తు, రాత్రి వచ్చే పెద్ద పోటు ఎత్తు. ఇప్పుడు 2.6 మీటర్లు, పాటులో 0.6, పోటులో 3.8 అనుకుందాం. లోతుమీటరు 5.0 చూపిస్తోంది. పాటులో 2 మీటర్లు తగ్గి 3.0 అవుతుంది. పడవ 1.8 మీటర్లు మునిగితే కీల్ (పడవ అడుగున నీటిలోకి దిగి ఉండే భాగం) కింద 1.2 మిగులుతుంది. చదును నీళ్లలో చాలు, అల లేచే చోట చాలదు. పోటులో లోతు 6.2. నీటిమట్టం నుంచి గొలుసు జారే రోలర్ ఎత్తు 1.2 కలిపితే 7.4. పూర్తి గొలుసయితే దానికి అయిదింతలు, అంటే 37 మీటర్లు వదలాలి. గొలుసు కొంచెం, మిగతాది తాడు అయితే ఏడింతలు, 52 మీటర్లు. గాలి 30 నాట్లకు పెరుగుతుందంటే గొలుసుకు కూడా ఏడింతలు ఇవ్వండి. చాలామంది ఇప్పటి లోతుకే లెక్కవేస్తారు, రోలర్ ఎత్తు మర్చిపోతారు. 5 మీటర్ల అయిదింతలు 25. పోటు వచ్చేసరికి అది 7.4కు మూడింతలన్నర కూడా కాదు. లంగరు అర్ధరాత్రి జారడం మొదలుపెట్టేది అందుకే.

లోతుమీటరు ఎక్కడినుంచి కొలుస్తోందో తెలుసుకోండి. కొన్ని కీల్ కింది నుంచి, కొన్ని నీటిమట్టం నుంచి, కొన్ని ఉన్నచోటు నుంచే చూపిస్తాయి. అద్దె పడవలో ఇది అడగడం మర్చిపోతే పై లెక్కంతా వృథా.

మధ్యలో ఎంత తగ్గిందో తెలుసుకోవడానికి పన్నెండో వంతు లెక్క ఉంది. ఆరు గంటల్లో మొదటి గంటకు మొత్తం తేడాలో పన్నెండో వంతు, తర్వాత రెండు, మూడు, మూడు, రెండు, ఒకటి. తేడా 4.8 మీటర్లయితే మూడో గంటలోనే 1.2 మీటర్లు పోతాయి. పోటు రోజుకు రెండుసార్లు సమంగా వచ్చే తీరాలకే ఇది సరిపోతుంది. పున్నమి, అమావాస్యల తర్వాత ఒకటి రెండు రోజులకు తేడా అతి పెద్దది, అష్టముల తర్వాత అతి చిన్నది. మధ్యధరా లాంటి, పోటు నామమాత్రంగా ఉండే సముద్రాల్లో దీన్ని మించి వాయుపీడనం పనిచేస్తుంది. పీడనం ఒక హెక్టాపాస్కల్ పెరిగితే నీరు సుమారు ఒక సెంటీమీటరు దిగుతుంది. కీల్ కింద 20 సెంటీమీటర్లే మిగిలే ఇరుకు రేవులో అది చిన్న సంగతి కాదు.

తిరగడానికి కావాల్సిన చోటు: వదిలిన గొలుసు పొడవు, దానికి పడవ పొడవు కలపండి. 37 మీటర్ల గొలుసు, 11 మీటర్ల పడవకు అన్ని వైపులా 48 మీటర్లు. గొలుసు మీదున్న పడవ, తాడు మీదున్న పడవ ఒకేలా తిరగవు. ప్రవాహం ఉన్న చోట లోతు కీల్ పడవ నీటిమాట వింటుంది, మోటారు పడవ గాలిమాట వింటుంది. చివర వచ్చినవాళ్లే జరగాలనేది అన్నిచోట్లా ఒప్పుకున్న మర్యాద.

అడుగు ఏమిటి

ఇసుక, గట్టి బురద మంచివి. వాటిలో కొత్త రకం లంగర్లు, రోక్నా, స్పేడ్ లాంటివి, త్వరగా దిగి, గాలి తిరిగినా మళ్లీ పట్టుకుంటాయి. డాన్‌ఫోర్త్ రకం లంగరు ఇసుకలో, బురదలో బరువుకు మించి పట్టినా, లాగుడు దిక్కు ఒక్కసారిగా మారితే ఊడి, రాయో గవ్వో ఇరుక్కుని తిరిగి పట్టకపోవచ్చు. గాలి తిరగబోయే రాత్రికి అది ఒక్కటే ఉంటే చోటు మార్చుకోవడం మేలు. మెత్తని ఒండ్రులో ఏ లంగరైనా దిగడానికి పావుగంట, ఇరవై నిమిషాలు తీసుకుంటుంది. వేసిన వెంటనే ఇంజిన్‌తో గట్టిగా లాగితే కత్తిలా కోసుకుంటూ వచ్చేస్తుంది.

మోసం చేసేది నాచు. లంగరు కొన ఒక మోపు నాచును పోగుచేసుకుని, లాగితే ఆగినట్టే అనిపిస్తుంది. గాలి పెరిగాక ఆ మోపుతో సహా జారుతుంది. నీళ్లలోకి చూస్తే నల్లటి మచ్చలు నాచు, లేత రంగు మచ్చలు ఇసుక. లేత మచ్చలోనే దించండి. మధ్యధరాలో పొసిడోనియా గడ్డి మీద లంగరు వేయడం చాలాచోట్ల నిషేధం, ఒకసారి పెకలిస్తే అది మళ్లీ పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. పగడం మీద ఎక్కడా వేయొద్దు. అది చచ్చిపోతుంది, మీ తాడూ తెగుతుంది. సముద్రగర్భపు కేబుళ్లు, పైపులు, ఓడల దారి గుర్తులున్న చోట్లు మొదటే కొట్టేయండి.

చార్టులో అడుగు వివరం లేకపోతే సీసపు గుండు కింద గ్రీజు పూసి దించండి. ఇసుకో, గవ్వలో అంటుకుని వస్తాయి. ఏమీ అంటకుండా గీతలు పడితే రాయి.

పట్టిందో లేదో తేల్చేది ఒకటే. గొలుసంతా వదిలాక రివర్స్ గేరులో ఇంజిన్‌ను మెల్లమెల్లగా మూడింట రెండు వంతుల దాకా పెంచి, ఒక నిమిషం ఉంచి, పక్కన ఒడ్డు మీద ఒకే వరసలో కనిపించే రెండు గుర్తులు కదులుతున్నాయేమో చూడాలి. గొలుసును చేత్తో పట్టుకుంటే గరగర వణుకు తెలిసిందంటే జారుతున్నట్టే. రెండుసార్లు వేసినా పట్టకపోతే ఆ చోటుతో వాదించొద్దు, ఇంకో మచ్చకు పోండి. ఆ తర్వాత 5 నుంచి 10 మీటర్ల నైలాన్ తాడును గొలుసుకు కొక్కెంతో తగిలించి కుదుపును దాని మీదికి మార్చండి. జీపీఎస్ అలారం (పడవ జారితే మోగేది) కేంద్రం లంగరు పడిన చోటే కావాలి, ఇప్పుడు పడవ ఉన్న చోటు కాదు. లంగరు మీద ఉన్నట్టు గుర్తుగా పగలు నల్ల బంతి, రాత్రి చుట్టూ కనిపించే తెల్లదీపం.

లోపలికి దారి, బయటికి దారి

లోపల ఎంత ప్రశాంతంగా ఉన్నా, గుమ్మం మూసుకుపోయే రేవు ఆశ్రయం కాదు. నదీ మొగల దగ్గర ఇసుక మేట ఉంటుంది. పాటు నీరు బయటికి పరిగెత్తుతూ, ఎదురుగా సముద్రపు అల వస్తే ఆ అల పొట్టిగా, నిటారుగా లేచి విరుగుతుంది. 1.5 మీటర్ల అల సుమారు 2 మీటర్ల లోతులోనే విరిగిపోతుంది. మేట దాటాల్సింది పోటు చివరి రెండు గంటల్లో. బయటినుంచి చూస్తే విరిగే అలల వీపే కనిపిస్తుంది కాబట్టి అవి ఉన్నదానికన్నా చిన్నవిగా అనిపిస్తాయి. పది నిమిషాలు ఆగి, పెద్ద అలల గుంపు ఒకటి పూర్తిగా పోయేదాకా చూశాకే నిర్ణయించండి. అనుమానం ఉంటే బయటే ఉండిపోండి. తగినంత నీటిలో, ఒడ్డుకు దూరంగా ఉన్న పడవకు సముద్రం మేట కన్నా చాలా దయగా ఉంటుంది.

కొత్త చోటుకు చీకటి పడకముందు రెండు గంటల తెరపి ఉండేలా చేరండి. రాత్రి ఊరి దీపాల్లో రేవు దీపాలు కలిసిపోతాయి. ఐఏఎల్‌ఏ అనే బోయాల రంగుల అంతర్జాతీయ పద్ధతిలో లోపలికి వస్తుంటే ఎర్ర బోయా ఎడమన ఉండేది ఎ ప్రాంతం, కుడిన ఉండేది బి ప్రాంతం. అమెరికా ఖండాలు, జపాన్, కొరియా, ఫిలిప్పీన్స్ బి కిందికి వస్తాయి. సమయం లెక్క పడవ అత్యధిక వేగంతో కాదు, 5 నాట్లతో వేయండి. 30 మైళ్లు ఆరు గంటలు. అదే ఎదురుగాలికి వంకరటింకరగా వెళ్లాల్సి వస్తే దూరం 42 మైళ్లకు పైనే, ఎనిమిదిన్నర గంటలు.

ఒక సాయంత్రం లెక్క

ఇవన్నీ కలిపి ఒక ఊహా ఉదాహరణ. ఉత్తరార్ధగోళంలో, సముద్రం పడమర ఉన్న తీరం. 11 మీటర్ల పడవ, 1.8 మీటర్ల మునక. పొద్దున తొమ్మిదికి ఉత్తరానికి బయల్దేరుతున్నారు. దక్షిణ గాలి 12 నాట్లు, పడమటి నుంచి 1.5 మీటర్ల స్వెల్. రాత్రి మూడింటికి ఫ్రంట్ (వేడి, చల్ల గాలుల సరిహద్దు) వస్తుంది, గాలి నైరుతికి, తర్వాత వాయవ్యానికి తిరిగి 30 నాట్లు. పోటు సాయంత్రం 5:10కి, సూర్యాస్తమయం 6:30కి.

మొదటిది 18 మైళ్లలో వాయవ్యానికి తెరుచుకున్న అఖాతం. మధ్యాహ్నం 12:30కి చేరతారు, అప్పుడు దక్షిణ గాలికి మరుగుగానే ఉంటుంది. రాత్రి మూడు తర్వాత రాళ్ల ఒడ్డు సరిగ్గా వెనకకు వస్తుంది. భోజనం చేసి కదలండి.

రెండోది 26 మైళ్లలో నదీ రేవు. లోపల అన్ని గాలులకూ మరుగు. మేట మీద చార్టు లోతు 1.2 మీటర్లు, పోటుకు గంట ముందు పోటు ఎత్తు 3.4, మొత్తం 4.6. అల పల్లంలో 0.75 తీసేసినా, కీల్ తీసేసినా 2 మీటర్లకు పైన మిగులుతుంది. ఇవాళ దాటొచ్చు. రేపు 30 నాట్ల వాయవ్య గాలికి మేటంతా తెల్లనురుగే, రెండు రోజులు కదలలేరు. ఆ రెండు రోజులు చేతిలో ఉంటే ఇదే మా ఎంపిక.

మూడోది 31 మైళ్లలో, లోతట్టు దీవికి తూర్పు పక్క. ఇసుక అడుగు, పోటప్పుడు 6 మీటర్లు. నైరుతి నుంచి ఉత్తరం దాకా అల రాదు, గాలి మాత్రం తగులుతుంది, స్వెల్ కొంచెం వంగి వస్తుంది. తూర్పు వైపు నీళ్లు తెరపిగా ఉన్నాయి కాబట్టి లంగరు జారినా సర్దుకోవడానికి దూరం ఉంది, చీకట్లో కూడా బయటపడొచ్చు.

రెండోదా మూడోదా అన్నది మేట ముందు నిలబడే తేల్చుకోవచ్చు, ఎందుకంటే దీవి ఇంకో 5 మైళ్లే. 3:10 నుంచి 5:10 దాకా మేట తెరిచి ఉంటుంది. అల విరుగుతోందనిపిస్తే దీవికి పోండి. 5:10కి వదిలినా 6:10కి, వెలుతురు ఉండగానే చేరతారు. దీన్ని తిరగేస్తే కుదరదు. ముందు దీవికి వెళ్లి, నచ్చక, ఆరు గంటలకు వెనక్కి బయల్దేరి మేట దగ్గరికి వస్తే నీరు పాటు పట్టి ఉంటుంది, పొద్దు పోయి ఉంటుంది. దీవి దగ్గర ఆగితే 6 మీటర్లకు రోలర్ 1.2 కలిపి ఏడింతలు, 50 మీటర్ల గొలుసు. వాయవ్య గాలికి పడవ ఆగ్నేయానికి 61 మీటర్లు జరుగుతుంది. ఆ దిక్కున ఎవరూ లేని మచ్చ చూసి దించండి.